మూడు వ్యాఖ్యానాలూ ఒక మొక్కుబడీ

పెద్దాసుపత్రి నేలమాళిగలో, బాయిలరు గదిని ఆనుకుని, దుప్పట్ల గది ఉంది. వార్డుల నుంచి మాసినవి ఒక తలుపులోంచి లోపలికి వస్తాయి. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసినవి ఇంకో తలుపులోంచి పైకి పోతాయి. ఆ రెండు తలుపుల మధ్య ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న మనిషిని అక్కడ అందరూ దుప్పట్లమ్మ అనే పిలుస్తారు. పెద్ద డాక్టరూ అంతే, నేల తుడిచేవాళ్లూ అంతే. ఒకసారి జీతం చీటీ మీద అసలు పేరు చూసి "ఇదెవరిది, నా దగ్గరికొచ్చింది?" అని ఆవిడే అడిగిందట.

మనిషి పొట్టి. గొంతు మాత్రం ఇస్త్రీ యంత్రాల రొదలో కూడా వినిపిస్తుంది. మాటంటే మాటే. ఆపరేషన్ గదికి పదకొండు గంటలకి బట్టలు పంపిస్తానంటే, వానొచ్చినా, కరెంటు పోయినా, పదకొండుకి అవి అక్కడ ఉండాల్సిందే. "నోటితో అన్నాక చేత్తో చెయ్యాలి, లేకపోతే నోరెందుకు?" అంటుంది కింద పనిచేసే ఆడవాళ్లతో.

అలాంటి మనిషి ఇరవై ఒక్కేళ్లుగా ఒక్క మాట చెల్లించకుండా దాచుకుని తిరుగుతోందని అక్కడ ఎవరికీ తెలీదు.

అప్పుడు కూతురికి మూడేళ్లు. న్యుమోనియా వచ్చి అదే ఆసుపత్రి మూడో అంతస్తులో, పిల్లల వార్డులో పడుంది. తను ఉతికిన దుప్పటి మీదే తన పిల్ల ఎగశ్వాస తీస్తుంటే దుప్పట్లమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం డాక్టరు మొహం తిప్పుకుని వెళ్లాడు. అప్పుడు మంచం కడ్డీ పట్టుకుని అనేసింది: "ప్రభువా, దీన్ని బతికించు. బతికిస్తే నీకే ఇచ్చేస్తాను." పెదాలు కదిలాయో, గొంతే పలికిందో ఆవిడకి గుర్తులేదు. సాయంత్రానికి పిల్లకి చెమట పట్టింది. పొద్దున్నే కళ్లు తెరిచి "నా బూట్లేవి?" అంది. నర్సులు నవ్వి, ఇది గట్టిపిండం అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది. ఇంట్లో పిలవడానికి బారెడు పేరెందుకని "గట్టీ" అన్నారు.

ఇచ్చేయడమంటే ఏమిటో దుప్పట్లమ్మ అప్పుడు ఆలోచించలేదు. తరవాత ఆలోచించినప్పుడల్లా తెల్లబట్టలు కట్టుకుని, పెళ్లీ పిల్లలూ లేకుండా, ఏదో సేవాశ్రమంలో అనాథపిల్లలకి పాటలు నేర్పే గట్టి కనిపించేది. కానీ అసలు గట్టి వేరు. పదేళ్లప్పుడు చర్చిలో పాటలు నేర్పే ఆయన గొంతుని, ఆయన వింటుండగానే అనుకరించి, పాటల బృందంలోంచి గెంటించుకుంది. పన్నెండేళ్లకి తండ్రి పనిముట్ల పెట్టెలోని పానాలన్నీ సైజుల పేర్లతో సహా చెప్పేది. ఇప్పుడు ఇరవై నాలుగు. నలభై ఏడో నంబరు బస్సు డ్రైవరు. దేవుడికిస్తానన్న పిల్ల రోజుకి ఎనిమిది సార్లు కూరగాయల మార్కెట్టుకీ రైలు స్టేషనుకీ మధ్య తిరుగుతోంది.

ఈ ఏడాది, ఎప్పుడూ ఆ కీర్తన, ఈ కీర్తన చదువుకునే దుప్పట్లమ్మ, బైబిలు అట్ట నుంచి అట్టదాకా చదవాలని పూనుకుంది. మధ్యాహ్నం భోజనాల విరామంలో మడత పెట్టిన దుప్పట్ల బొత్తి మీద కూర్చుని వేలు పెట్టి చదివేది. మూడు నెలలకి న్యాయాధిపతుల గ్రంథం, పదకొండో అధ్యాయం వచ్చింది. అక్కడ యెఫ్తా అనే సేనాపతి యుద్ధానికి పోతూ మొక్కుకుంటాడు: గెలిచి వస్తే, నా ఇంటి గుమ్మంలోంచి ముందుగా ఎదురొచ్చినది దేవుడిది, దాన్ని దహనబలిగా ఇస్తాను అని. గెలుస్తాడు. ఎదురొచ్చేది ఒక్కగానొక్క కూతురు, తంబురలు వాయిస్తూ, నాట్యం చేస్తూ.

దుప్పట్లమ్మ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ అమ్మాయి రెండు నెలలు గడువడిగి, స్నేహితురాళ్లతో కొండల మీద తిరిగి, తనకి పెళ్లి యోగం లేనందుకు ఏడ్చి, తిరిగొస్తుంది. తండ్రి మొక్కుకున్నట్టే చేశాడు అని ఒక్క ముక్కలో రాసుంది. ఏం చేశాడు? కాల్చాడా? గుడికిచ్చాడా? ఆవిడ ఆ వాక్యం ఆరుసార్లు చదివింది. ఆరుసార్లూ అదే వాక్యం.

ఆ ఆదివారమే గట్టి, కంచం ముందు కూర్చుంటూ, "అమ్మా, డిపోలో బ్రేకులు చూసే మెకానిక్కు లేడూ, మేమిద్దరం పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం" అంది.

తండ్రి తలెత్తి, నవ్వి, మళ్లీ కంచంలోకి చూశాడు. దుప్పట్లమ్మ మాత్రం కూతురి మొహంలోకే చూస్తోంది.

"ఏంటమ్మా, అలా చూస్తావు? మంచివాడే. బ్రేకుల విషయంలో అబద్ధం చెప్పడు."

"ఆలోచిద్దాం" అంది తల్లి. ఆ మాట తనకే వేరెవరిదో గొంతులా వినిపించింది.

మర్నాడు పాస్టరుగారిని అడిగింది. అసలు సంగతి చెప్పలేదు, యెఫ్తా గురించే అడిగింది. ఆయన చేతిగడియారం చూసుకుని, "అమ్మా, అదంతా పాత నిబంధన. ఒంటరిగా చదివితే దారి తప్పుతారు. మంచి వ్యాఖ్యానం ఏదైనా పక్కన పెట్టుకోండి" అన్నాడు. ఏది మంచిదో చెప్పేలోపే ఆయన్ని ఎవరో పిలిచారు.

చర్చి సందు చివర, గొడుగులు బాగుచేసే కొట్టు పక్కన, మతగ్రంథాల దుకాణం ఉంది. దాని యజమాని డెబ్బై ఏళ్లాయన. రెండు జతల కళ్లద్దాలు, ఒకటి ముక్కు మీద, ఒకటి నుదుటి మీద. ఏ పుస్తకం ఎక్కడుందో చూడకుండా చెప్తాడు, కళ్లద్దాలెక్కడున్నాయో మాత్రం వెతుక్కుంటాడు.

"బాబాయిగారూ, బైబిలుకి వ్యాఖ్యానం కావాలి" అంది దుప్పట్లమ్మ.

"ఎంత లోతు?"

"అంటే?"

ఆయన చెయ్యి పాదం దగ్గర్నుంచి పైకి తెచ్చాడు. "చీలమండ లోతుదుంది, నడుం లోతుదుంది, మనిషి మునిగేదుంది. ప్రసంగాలు చెప్పుకోడానికా, పిల్లలకి పాఠాలకా?"

"నాకే. ఇంట్లో చదువుకోడానికి."

"అయితే మరీ కష్టం" అన్నాడాయన నిజంగానే ఇబ్బందిపడుతూ. "ప్రసంగానికైతే ఎంత కావాలో నాకు తెలుసు. సొంతానికంటే ఎవరికెంతో ఎలా చెప్తాను?"

మూడూ బల్ల మీద పెట్టాడు. నీలం అట్టది ఒకే పుస్తకం, బైబిలు మొత్తానికీ సరిపోతుంది. గోధుమరంగువి రెండు సంపుటాలు. నల్లవి ఇరవై నాలుగు, అందులో ఒకటి మాత్రమే కిందికి తీశాడు, దుమ్ము దులుపుతూ. అది ఒక్క న్యాయాధిపతుల గ్రంథానికే. బైబిల్లో పాతిక పేజీలైనా లేనిదానికి ఇటుకంత పుస్తకం.

దుప్పట్లమ్మ మూడింటినీ మార్చి మార్చి చూసింది. పేజీల బరువు చూస్తే జ్ఞానం పెద్దదాంట్లో ఉన్నట్టుంది. అక్షరాలు చూస్తే చిన్నదాంట్లోనే తన ప్రాణానికి హాయి. "నాకు లోతులొద్దు బాబాయిగారూ, జవాబు కావాలి" అని నీలం పుస్తకం పట్టుకుంది. ఆయన మిగతావి మళ్లీ అలమరలో పెట్టేశాడు.

బస్సులోనే విప్పింది. యెఫ్తా సంగతి నాలుగు వాక్యాల్లో తేల్చేశాడు రాసినాయన. కుమార్తెను దేవుని సేవకు అంకితం చేశాడు. తొందరపడి మాట ఇవ్వకూడదు. ఇచ్చిన మాట తప్పకూడదు. తరవాత ఒక చిన్న ప్రార్థన. అయిపోయింది.

తొందరపడకూడదన్నది ఆవిడ ఎలాగూ చేసేసింది. తప్పకూడదన్నది ఇప్పుడు చెయ్యబోతోంది. ఇంక మిగిలిందేమిటి? అంకితం చేశాడని అంత ధీమాగా ఎలా రాశాడు, బైబిల్లో ఆ మాటే లేదు కదా? మొక్కుబడి గురించి మరీ మొక్కుబడిగా రాశాడనిపించింది. రెండు రోజులు ఆ నాలుగు వాక్యాలనే తిప్పి తిప్పి చదివి, మూడోనాడు దుకాణానికి పోయి పుస్తకం తిరిగిచ్చింది.

"చీలమండ కూడా తడవలేదు" అంది.

పెద్దాయన నవ్వి గోధుమరంగుది ఇచ్చాడు.

అందులో ఆ అధ్యాయానికి రెండు పేజీలున్నాయి. మొదటి పేజీ చదివితే, కొందరు పండితుల ప్రకారం ఆ పిల్లని నిజంగానే బలిచ్చారు. గుండె దడదడలాడింది. రెండో పేజీలో, మరికొందరి ప్రకారం ఆమె జన్మంతా కన్యగా దేవుడి సేవలో ఉండిపోయింది. దడ తగ్గింది కానీ గట్టి పెళ్లి గుర్తొచ్చి మళ్లీ మొదలైంది. పేజీ చివర: ఈ విషయాన్ని పాఠకులు ప్రార్థనాపూర్వకంగా తేల్చుకోవలెను.

"నేనే తేల్చుకోగలిగితే నువ్వెందుకు?" అంది దుప్పట్లమ్మ పైకే, పుస్తకంతో. పక్కన దిండు గలేబులు లెక్కపెడుతున్న అమ్మాయి "నన్నేనా అమ్మా?" అని బెదిరింది.

ఇంతలో వెనక పేజీల్లో 'మొక్కుబడులు' అని ఒక భాగం కనిపించింది. అందులో సంఖ్యాకాండం ముప్పయ్యో అధ్యాయం చూడమన్నాడు. చూసింది. భార్య ఏదైనా మొక్కుకుంటే, భర్త ఆ సంగతి విన్న రోజున కాదని అంటే, ఆ మొక్కుబడి రద్దు. దేవుడు ఆమెని క్షమిస్తాడు.

దుప్పట్లమ్మ లేచి నిలబడింది. విన్న రోజున! తను ఆయనతో చెప్పనే లేదు కదా! ఇరవై ఒక్కేళ్లు నోరు మూసుకోవడం ఇందుకే పనికొచ్చిందన్న మాట. చెప్పడం, ఆయన కాదనడం, రెండు నిమిషాల పని. ఆ మధ్యాహ్నం ఆవిడ ఇస్త్రీ చేస్తూ పాట పాడిందని కింద అందరూ ఆశ్చర్యపోయారు.

ఆవిడ భర్త పంపుల మేస్త్రి. కుళాయిలతో ఎక్కువా మనుషులతో తక్కువా మాట్లాడే మనిషి. ఆవిడ ఇంటికొచ్చేసరికి వంటింట్లో అంట్లు తోమే తొట్టి కింద దూరి, కాళ్లు మాత్రం బయట పెట్టి, ఏదో బిగిస్తున్నాడు.

"ఏవండీ, మీతో ఒక మాట చెప్పాలి. విన్నాక మీరు 'కాదు, కుదరదు' అనాలి. అంతే."

"ఊఁ" అన్నాయి కాళ్లు.

"ముందే ఊఁ అనకండి. గట్టికి న్యుమోనియా వచ్చినప్పుడు నేనొక మొక్కు మొక్కుకున్నాను. అది బతికితే..."

"దేవుడికిచ్చేస్తానన్నావు."

ఆయన మెల్లగా బయటికి జరిగి, పానా పక్కన పెట్టి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"మీకెలా తెలుసు?"

"టీ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో ఉన్నా. నువ్వు గట్టిగానే అన్నావు."

"విని... ఏమీ అనలేదా?"

"ఏమంటాను? నేనూ అదే అనుకుంటూ మెట్లెక్కొచ్చాను. నువ్వు ముందు అన్నావు. ఇద్దరెందుకని ఊరుకున్నా."

ఆవిడ సంచిలోంచి బైబిలు లాగి ఆ అధ్యాయం మళ్లీ తీసింది. కింద ఇంకో వాక్యం ఉంది, మధ్యాహ్నం సంతోషంలో చదవనిది. భర్త విని, రోజు రోజుకీ ఊరుకుంటే, ఆ మొక్కుబడి స్థిరపడుతుంది. రోజు రోజుకీ! ఇరవై ఒక్కేళ్లు, ఎన్ని రోజులో!

"మీరు నోరు తెరవకపోవడం వల్ల ఎంత పనైందో చూశారా" అని ఏడుపూ కోపమూ కలిసి ఆ వాక్యం చూపించింది.

ఆయన వేళ్లు తుడుచుకుని చదివాడు. "అయిదేళ్లప్పుడు పంపిస్తావేమో అనుకున్నా. తరవాత పదేళ్లప్పుడు. బడి నుంచి రావడం ఆలస్యమైతే, పంపించేశావేమోనని గుండె ఆగేది. అందుకే దానికి పానాలు పట్టడం నేర్పించా. చేతులకి గ్రీజున్న పిల్లని ఏ ఆశ్రమం వాళ్లూ తీసుకోరనుకున్నా."

దుప్పట్లమ్మ ఆయన పక్కన నేల మీద కూలబడింది. ఇన్నేళ్లు పక్కపక్కన పడుకుని, ఒకే భయాన్ని చెరో చివరా పట్టుకుని లాగుతున్నామని ఇద్దరికీ తెలీదు. తొట్టి కింద నీళ్లు బొట్టు బొట్టుగా పడుతూనే ఉన్నాయి. ఆయన కూడా వాటిని పట్టించుకోలేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అంది.

"తెలీదు. దానికి చెప్పాలి కదా ముందు" అన్నాడాయన.

గట్టితో ఇంట్లో మాట్లాడే ధైర్యం దుప్పట్లమ్మకి చాలలేదు. సెలవు పెట్టి, నలభై ఏడో నంబరెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. కూతురు అద్దంలో చూసి "ఏంటి, తనిఖీకొచ్చావా?" అని నవ్వింది. మార్కెట్టు దగ్గర జనమంతా దిగిపోయారు. మళ్లీ బయల్దేరడానికి పన్నెండు నిమిషాలుంది. గట్టి ఇంజనాపి, సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంది. దుప్పట్లమ్మ అంతా చెప్పింది. వార్డు, మంచం కడ్డీ, యెఫ్తా, నీలం పుస్తకం, గోధుమ పుస్తకం, ఫ్లాస్కు, ఏదీ వరసలో రాలేదు. గట్టి మధ్యలో రెండుసార్లు "ఆగు, ఎవరు ఎవరికి చెప్పారు?" అని అడగాల్సొచ్చింది.

అంతా విన్నాక గట్టి నవ్వలేదు. నవ్వుతుందనే తల్లి అనుకుంది, నవ్వితే బాగుండునని కూడా.

"అంటే నా బేరం మాట్లాడేసుకున్నారన్న మాట. నువ్వు, నాన్న, దేవుడు. ముగ్గురూ."

"నీకు మూడేళ్లే తల్లీ..."

"మరి ఈ ఇరవై ఒక్కేళ్లూ? ఒక్కసారైనా నన్నడగాలనిపించలేదా?" గట్టి చెయ్యి స్టీరింగు మీదికి పోయింది, బస్సు కదలకపోయినా. "నేను బతికున్నది అప్పు మీదా? ఇలా ఇవ్వు, ఆ కథ చూడనీ."

బైబిలు తీసుకుని చదివింది. తల్లి కంటే త్వరగా చదివి, మళ్లీ వెనక్కి పోయి ఒక చోట ఆగింది. ప్రయాణికులొకరిద్దరు ఎక్కడం మొదలుపెట్టారు. టైమైంది.

"ఆ అమ్మాయి రెండు నెలలడిగింది. నాకూ కావాలి" అంది గట్టి, పుస్తకం తిరిగిచ్చి ముందుకు తిరుగుతూ. "పెళ్లి మాటెత్తకండి, మొక్కు మాటెత్తకండి. ఆలోచించుకుంటా."

"ఆలోచించి?"

"టికెట్ తీసుకున్నావా?" అంది గట్టి. అది జోకో కోపమో దుప్పట్లమ్మకి అర్థం కాలేదు.

ఆ రెండు నెలలు ఆ ఇంట్లో అందరూ అతిథుల్లా మెలిగారు. గట్టి డ్యూటీకి పోయేది, వచ్చేది, తినేది, సెలవు రోజున స్నేహితురాళ్లతో ఎక్కడికో పోయేది. ఎక్కడికని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తల్లి దుకాణానికి వెళ్లి గోధుమరంగు సంపుటం బల్ల మీద పెట్టింది.

"నడుం లోతు కూడా చాల్లేదా?" అన్నాడు పెద్దాయన.

"నడుం దాకా పోయాను బాబాయిగారూ, ముందుకీ పోలేను, వెనక్కీ రాలేను."

నల్ల ఇటుక ఆవిడ చేతికొచ్చింది. అందులో యెఫ్తా కూతురికి ఇరవై రెండు పేజీలున్నాయి. మొదటి ఆరు పేజీలు ఒకే ఒక్క అక్షరం గురించి. మూలభాషలో ఆ మొక్కుబడి మధ్యలో ఉన్న చిన్న అక్షరాన్ని 'మరియు' అని చదవొచ్చు, 'లేదా' అని చదవొచ్చట. 'మరియు' అయితే ఎదురొచ్చినది దేవుడిదీ అవుతుంది, కాలిపోతుంది కూడా. 'లేదా' అయితే మనిషి ఎదురొస్తే దేవుడిది, జంతువైతే బలి. ఒక పిల్ల ప్రాణం ఒక్క అక్షరం మీద వేలాడుతోందని చదివి దుప్పట్లమ్మ తన మాటల్ని గుర్తు చేసుకుంది. 'నీకే ఇచ్చేస్తాను.' అందులో 'మరియు' లేదు, 'లేదా' లేదు. తనది ఇంకా అన్యాయం, ఎటూ చదవడానికి వీల్లేదు. లేకపోతే ఎటైనా చదవొచ్చేమో. ఇవ్వడం అంటే ఏమిటో దేవుడే అనుకుని ఉంటాడేమో, తనకి చెప్పకుండా.

రోజుకి రెండు పేజీలు. ఒక్కోరోజు ఒక్కటే. పదకొండో పేజీలో రాసినాయన ఆ పిల్లని బలిచ్చారనే తేల్చాడు. దుప్పట్లమ్మ పుస్తకం మూసి రెండు రోజులు ముట్టుకోలేదు. మళ్లీ తెరిస్తే పధ్నాలుగో పేజీలో ఆయనే అంటాడు, దేవుడు ఆ మొక్కు అడగలేదు, ఇచ్చినప్పుడు మెచ్చుకోనూ లేదు, యెఫ్తా తన మాటని దేవుడికంటే పెద్దది చేసుకున్నాడు అని. అడుగున చిన్న అక్షరాల్లో, దీనితో ఏకీభవించని వాళ్ల జాబితా, సగం పేజీ. పధ్నాలుగో పేజీ చదివినప్పుడు బరువు దిగినట్టుండేది. అడుగున చిన్న అక్షరాలు చదివాక మళ్లీ ఎక్కేది. మాట తప్పడం తప్పా, తప్పు మాట నిలబెట్టుకోవడం తప్పా? ఇరవై ఆరేళ్లుగా కింద ఆడవాళ్లకి తను చెప్పిన నీతి ఏమైపోవాలి?

ఇరవై రెండో పేజీ అయిపోయేసరికి ఆవిడకి ఒక్కటి మాత్రం తెలిసింది. ఆ పిల్ల తండ్రి ఉన్నాడు, స్నేహితురాళ్లున్నారు, సైన్యం ఉంది, శత్రువులున్నారు. తల్లి ఊసే లేదు. బైబిల్లో లేదు, నీలం దాంట్లో లేదు, గోధుమ దాంట్లో లేదు. ఇంత లోతు తవ్వినాయన కూడా ఆవిడెక్కడుందని అడగలేదు. దుప్పట్లమ్మ తను ఏం చేస్తోందో చూసుకోకుండా, దుప్పట్ల మీద గుర్తులు పెట్టే పెన్సిలు తీసి, అంచున రాసింది: 'మరి వాళ్లమ్మ?'

పుస్తకం తిరిగివ్వడానికి వెళ్తే, దుకాణంలో పెద్దాయన పేజీలు తిప్పుతూ అక్కడ ఆగాడు. ముక్కు మీది అద్దాలు తీసి, నుదుటి మీదివి దించుకుని చూశాడు.

"క్షమించండి. రబ్బరుతో చెరిపేస్తాను" అంది దుప్పట్లమ్మ సిగ్గుపడి.

"వద్దు." ఆయన ఆ పేజీ మీద చెయ్యి పెట్టాడు. "నలభై ఏళ్లుగా అమ్ముతున్నా ఈ పుస్తకం. నాకెప్పుడూ తట్టలేదు."

"జవాబు ఉంటుందా ఎక్కడైనా?"

"నాకు తెలీదమ్మా."

"అయితే ఇది నేనే ఉంచుకుంటాను."

"అర్థమవుతోందా మరి?"

"లేదు. కానీ ఆ పిల్ల గురించి ఇరవై రెండు పేజీలు కూర్చుని ఆలోచించాడాయన. మిగతావాళ్లు నాలుగు ముక్కలు రాసి పక్క అధ్యాయానికి పోయారు."

పెద్దాయన దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు. గుమ్మం దిగుతుంటే వెనక నుంచి, "మిగతా ఇరవై మూడు కూడా ఇక్కడే ఉంటాయి, ఎక్కడికీ పోవు" అన్నాడు.

గట్టి అడిగిన గడువు ఒక గురువారంతో అయిపోయింది. ఆ సాయంత్రం డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా, అమ్మానాన్నల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను పెళ్లి చేసుకుంటున్నాను. ముందు అది." తల్లి నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నేనింకా చెప్పలేదు. నేను బతికినందుకు దేవుడికి నేను చెప్పుకోవాల్సింది నేనే చెప్పుకుంటా. అదేంటో మీకు చెప్పను. మీరు చెప్పారా నాకు? నువ్వన్న మాట మాత్రం నాకిచ్చెయ్యకమ్మా. అది నీది. నువ్వూ ఆయనా చూసుకోండి."

"ఎలా చూసుకోను? పుస్తకంలో..."

"పుస్తకం నాకు తెలీదు. నాకు కోపం ఇంకా ఉంది, అది కూడా చెప్తున్నా. నీ మీద కొంచెం, నాన్న మీద ఎక్కువ."

"నా మీద ఎక్కువెందుకు?" అన్నాడు పంపుల మేస్త్రి.

"విని ఊరుకున్నందుకు."

ఆయన తలూపాడు. తరవాత, జీవితంలో మొదటిసారేమో, ఎవరూ అడక్కుండానే మాట్లాడాడు. "కాదు" అన్నాడు. "నేనప్పుడు అనాల్సింది. కాదు, కుదరదు."

ఆ మాట చెల్లుతుందో లేదో దుప్పట్లమ్మకి తెలీలేదు. విన్న రోజున అనాలని రాసుంది. కానీ ఆయన గొంతులో ఆ మాట విన్నాక ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. గట్టి లేచి మొహం కడుక్కోడానికి వెళ్తూ, తొట్టి కిందికి వంగి చూసి, "నాన్నా, ఇది ఇంకా కారుతోంది" అంది.

పెళ్లి వానాకాలం వెళ్లాక, చర్చిలోనే, క్లుప్తంగా జరిగింది. మెకానిక్కు ప్రమాణాలు చెప్తూ రెండుసార్లు తడబడ్డాడు. గట్టి ఒక్కసారి కూడా తడబడలేదు. జీవితాంతం అనే మాట వచ్చినప్పుడు దుప్పట్లమ్మ తలెత్తి చూసింది. ఇదీ ఒక మొక్కుబడే కదా. మరి దీని ముందు అది నిలుస్తుందా, దాని ముందు ఇది నిలుస్తుందా? పక్కనున్న మేస్త్రి, ఆవిడేమనుకుంటోందో తెలిసినట్టు, మోచేత్తో మెల్లగా తాకాడు.

ఇప్పుడు ఆ నల్ల పుస్తకం ఆసుపత్రిలోనే, దుప్పట్ల గదిలోనే ఉంటుంది, పాత దిండు గలేబులో. కింద పనిచేసే ఆడవాళ్లలో ఒకామె ఈమధ్య బైబిలు చదవడం మొదలుపెట్టి, "అమ్మా, మంచి వ్యాఖ్యానం ఏది కొనుక్కోమంటారు? చిన్నదా, పెద్దదా?" అని అడిగింది. దుప్పట్లమ్మ చేతిలోని దుప్పటి మడత ఆపి ఆలోచించింది. చిన్నదంటే ఈమె గబుక్కున ఒక జవాబు మింగేస్తుంది. పెద్దదంటే తనలాగే మునిగి తేలుతుంది. మధ్యదంటే రెంటికీ చెడుతుందేమో.

"నాకు తెలీట్లేదే" అంది చివరికి. "నువ్వు ఎక్కడ ఆగిపోయావో ముందు అది చెప్పు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. దుప్పట్లమ్మ దుప్పటి రెండో అంచు ఆమె చేతికిచ్చి, వింటూ, దుప్పటి బిగుతుగా సాగేదాకా వెనక్కి నడిచింది.